కొత్త డ్రైవ్‌ను ఎప్పుడు నమ్మాలి?

(కడపలో స్టూడియోలు నడిపేవాళ్ళు, పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు, ఎడిటింగ్ చేసేవాళ్ళు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగమిది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తీసేశాం. మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ప్రొద్దుటూరు నుంచి, మైదుకూరు నుంచి, బద్వేలు నుంచి కూడా వచ్చారు. ముహూర్తాలు లేని రోజు చూసి పెట్టారు కాబట్టి సరిపోయింది. లేకపోతే మిమ్మల్ని ఇంతమందిని ఒకచోట పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

నన్ను రమ్మని పిలిచినప్పుడు ఒక్కటే అడిగారు. "సార్, ఏ కంపెనీ డ్రైవ్ కొంటే పోదో చెప్పండి, అది చాలు" అని. ఆ జవాబు ముందే చెప్పేస్తాను. పోని డ్రైవ్ లేదు. ఏ కంపెనీదీ లేదు, ఎంత ధర పెట్టినా లేదు. కాబట్టి ఆ ప్రశ్న పక్కన పెట్టి ఇంకో ప్రశ్న అడుగుదాం. కొత్తగా కొన్న డ్రైవ్‌ను ఎప్పుడు నమ్మాలి?

కొత్తదాని గురించే ఎందుకంటారా? పాత డ్రైవ్ మీద మీకు ఎలాగూ అనుమానం ఉంటుంది. ఐదేళ్ళ హార్డ్ డిస్క్‌లో పెళ్ళి ఫుటేజ్ ఒక్కటే కాపీ పెట్టమంటే మీలో ఎవరూ పెట్టరు. కొత్తది మాత్రం సీల్ తీస్తారు, కేబుల్ పెడతారు, పెళ్ళి మొత్తం అందులో వేస్తారు, ఆ రాత్రే కెమెరాలోని మెమరీ కార్డు ఫార్మాట్ కొట్టేస్తారు. తెల్లారితే ఇంకో పెళ్ళి ఉంది, కార్డు ఖాళీ కావాలి. అవునా, కాదా? ఆ క్షణంలో ఆ పెళ్ళి మొత్తం ఒక్కరోజు కూడా పని చేసి చూపించని వస్తువులో ఉంది. ఇంకెక్కడా లేదు.

పెళ్ళి మళ్ళీ తీయగలమా? ఆల్బమ్ ప్రింటు చెడితే ఇంకోటి వేస్తాం. తలంబ్రాలు మళ్ళీ పోయించలేం కదా. ఆ పెళ్ళిలో ముందు వరసలో కూర్చున్న జేజి ఆర్నెల్ల తర్వాత లేకపోవచ్చు. ఆమె కదిలే బొమ్మ, ఆమె గొంతు, ఆ ఇంటివాళ్ళకు మిగిలేది మీరు తీసిన ఆ రెండు నిమిషాలే. అందుకే దీని గురించి నేను గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

ఈ సమస్య ఇప్పటిది కాదు. 1.44 ఎంబీ ఫ్లాపీలు వాడే కాలంలో, 1994లో, అయోమెగా అనే అమెరికా కంపెనీ జిప్ డ్రైవ్ తెచ్చింది. ఒక్క డిస్కులో 100 ఎంబీ. అప్పట్లో అది చాలా పెద్ద మాట. డీటీపీ సెంటర్లవాళ్ళు, డిజైన్ చేసేవాళ్ళు ఎగబడి కొన్నారు. కొన్నేళ్ళకు కొన్ని డ్రైవ్‌లు టిక్, టిక్, టిక్ అని కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడు వచ్చిందంటే డిస్కులోది చదవదు. దానికి 'మృత్యు శబ్దం' అనే అర్థం వచ్చే పేరే పెట్టారు జనం. 1998లో కోర్టులో కొనుగోలుదారులందరి తరఫున దావా పడింది.

అందులో ఒక సంగతి మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. డ్రైవ్ చదవడం లేదంటే మనమేం చేస్తాం? డిస్కు తీసి పక్కవాళ్ళ డ్రైవ్‌లో పెట్టి చూస్తాం. చెడిపోయిన డిస్కు ఆ రెండో డ్రైవ్‌లో డిస్కును చదివే హెడ్‌ను కూడా దెబ్బతీసేది. చెడిపోయిన డ్రైవ్ మంచి డిస్కును పాడు చేసేది. అంటే సాయం చేయబోయినవాళ్ళ డ్రైవ్ కూడా పోయేది. ఇప్పటి హార్డ్ డిస్క్‌లో ఇది అలాగే జరగదు, కానీ టిక్ టిక్ అనే డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌లో, ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూసే అలవాటు మాత్రం మనకు పోలేదు. దాని సంగతి చివర్లో చెబుతాను.

సరే, అది ముప్పై ఏళ్ళ కిందటి మాట అనుకుందాం. 2023కి రండి. శాన్‌డిస్క్ ఎక్స్‌ట్రీమ్, ఎక్స్‌ట్రీమ్ ప్రో అనే పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీలు, అంటే లోపల తిరిగే డిస్కు లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్‌లు, మీలో చాలామంది చూసే ఉంటారు. ప్రపంచమంతా ఫోటోగ్రాఫర్లు, వీడియో తీసేవాళ్ళు ఇష్టపడి కొన్నవి. ఆ ఏడాది వాటిలో కొన్ని ఉన్నట్టుండి డిస్‌కనెక్ట్ అయిపోతున్నాయని, మళ్ళీ పెడితే లోపల ఏమీ లేదని ఫిర్యాదులు వచ్చాయి. అప్పటి మాతృసంస్థ వెస్టర్న్ డిజిటల్ కొన్ని మోడళ్ళకు ఫర్మ్‌వేర్, అంటే డ్రైవ్‌ను లోపల నడిపించే ప్రోగ్రామ్, అప్‌డేట్ ఇచ్చింది. పోయినదానికి బదులు ఇచ్చిన డ్రైవ్ కూడా పోయిందని చెప్పినవాళ్ళున్నారు. ఆగస్టులో అమెరికా కోర్టుల్లో దావాలు పడ్డాయి.

ఆ కంపెనీది కొనొద్దని నేను చెప్పడం లేదు. ఇది ఇంకో ఏడాది ఇంకో కంపెనీకి వస్తుంది. పేరున్న కంపెనీ, మంచి ధర, మంచి రివ్యూలు, అన్నీ ఉన్నా కొత్త మోడల్‌లో తప్పు బయటపడటానికి సమయం పడుతుంది. ఆ సమయంలో అది మీ దగ్గర ఉంటే? ఇక్కడే ఇంకో మాట. కొంతమంది తమ్ముళ్ళు జాగ్రత్తపరులు, రెండు కాపీలు పెడతారు. మంచిదే. కానీ ఒకే రోజు, ఒకే షాపులో, ఒకే మోడల్ రెండు కొంటారు. ఒక ఫర్మ్‌వేర్ తప్పు వస్తే రెండింటికీ అదే తప్పు. రెండో కాపీ వేరే కంపెనీది కొనండి. వీలైతే ఒకటి ఎస్‌ఎస్‌డీ, ఒకటి హార్డ్ డిస్క్.

డేటా సెంటర్లు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే సంస్థ తన దగ్గర ఏ హార్డ్ డిస్క్ ఎన్ని పోయాయో కొన్నేళ్ళుగా బయటపెడుతోంది. ఏటా నూటికి ఒకటి రెండు పోతాయి. అవి చల్లని గదిలో, కదలకుండా ఉండేవి. మీవి బ్యాగులో, బండి మీద, కల్యాణ మండపంలో కుర్చీ కింద ఉంటాయి. అయినా ఆ లెక్కే వేసుకుందాం. మీ బీరువాలో ఇరవై డ్రైవ్‌లు ఉన్నాయనుకోండి. నూటికి ఒకటిన్నర చొప్పున మూడు నాలుగేళ్ళలో వాటిలో ఒకటి పోతుంది. అది ఎవరి పెళ్ళిదో ముందే చెప్పగలమా?

ఇక నకిలీల విషయానికొస్తాను. ఇది మన ఊళ్ళలో బాగా ఎక్కువైంది, కొంచెం నిదానంగా చెబుతాను.

ఆన్‌లైన్‌లో 2 టీబీ పెన్‌డ్రైవ్ ఎనిమిది వందలు, 16 టీబీ ఎస్‌ఎస్‌డీ రెండు వేలు అని కనిపిస్తుంది. పేరున్న కంపెనీల 8 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ ధర పదుల వేల రూపాయల్లో ఉంటే ఇది రెండు వేలకు ఎలా వస్తుంది? అది విప్పితే లోపల చాలాసార్లు ఒక చిన్న మెమరీ కార్డు, జిగురుతో అతికించి ఉంటుంది. 32 జీబీయో, 64 జీబీయో. మెమరీని నడిపే లోపలి చిప్‌కు, అంటే కంట్రోలర్‌కు, అబద్ధం నేర్పించి ఉంటారు. కంప్యూటర్ "నీలో ఎంత చోటుంది?" అని అడిగితే "2 టీబీ" అని చెబుతుంది. కంప్యూటర్ నమ్ముతుంది.

మరి కాపీ చేసేటప్పుడు ఎర్రర్ ఎందుకు రాదు? అసలు మోసమంతా అక్కడే ఉంది. ఫైల్ పేర్లు, సైజులు రాసుకునే పట్టిక డ్రైవ్ మొదట్లో ఉంటుంది. ఆ భాగం నిజమైన మెమరీలో ఉంది కాబట్టి పేర్లన్నీ చక్కగా పడతాయి. 64 జీబీ దాటాక వచ్చే డేటాను అది ఊరికే పారేస్తుంది, లేదంటే ముందు రాసినదాని మీదే మళ్ళీ రాస్తుంది. మీకు ఫోల్డర్ కనిపిస్తుంది. ఫైల్ కనిపిస్తుంది. సైజు కూడా సరిగ్గా కనిపిస్తుంది. తెరిస్తే మాత్రం రాదు. పెళ్ళివాళ్ళకు పెన్‌డ్రైవ్ చేతికిచ్చాక, వాళ్ళు ఇంటికెళ్ళి టీవీకి పెట్టినప్పుడు తెలుస్తుంది. ఇలా నా దగ్గరికి వచ్చినవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే ఉంటుంది, అది చెప్పడానికి నోరు రాదు. ఆ డేటా చెరిగిపోలేదమ్మా, అసలు అందులో రాయనేలేదు. రాయనిదాన్ని ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ తేలేదు.

ఒక అనుమానం మాత్రం తీసేస్తాను, చాలామంది ఫోన్ చేసి అడుగుతారు. 1 టీబీ కొంటే 931 జీబీయే చూపిస్తోంది, ఇది నకిలీనా అని. కాదు. కంపెనీ వెయ్యి లెక్కన గుణిస్తుంది, విండోస్ 1024 లెక్కన భాగిస్తుంది. ఒరిజినల్‌కైనా 931 జీబీయే వస్తుంది. అలాగే కొత్త ఎస్‌ఎస్‌డీలో మొదటి కొన్ని జీబీలు రయ్యిమని వెళ్ళి తర్వాత వేగం పడిపోతే అది కూడా మోసం కాదు. లోపల కొంత భాగాన్ని వేగంగా రాసే తాత్కాలిక చోటుగా వాడతారు, అది నిండితే అసలు వేగం బయటపడుతుంది. డబ్బా మీద రాసేది ఆ మొదటి వేగం.

కొన్న రోజే చేయాల్సింది

సీల్ తీసిన రోజు డ్రైవ్‌లో ఏమీ వేయకండి. ముందు మొత్తం నింపి, మొత్తం చదివి చూడండి. దీనికి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని విండోస్‌కు ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది, జర్మనీలో ఒక కంప్యూటర్ పత్రికవాళ్ళు ఇచ్చింది. మ్యాక్, లైనక్స్ వాడేవాళ్ళకు ఎఫ్3 ఉంది. రెండూ చేసే పని ఒకటే. డ్రైవ్ నిండేదాకా తమకు తెలిసిన డేటా రాస్తాయి, తర్వాత మొదటి నుంచి చదివి రాసింది రాసినట్టే ఉందా అని చూస్తాయి. నకిలీ ఇక్కడ దొరికిపోతుంది. నకిలీ కాకపోయినా ఫ్యాక్టరీ నుంచే లోపంతో వచ్చినది చాలావరకు దొరికిపోతుంది. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో చాలావాటికి మొదటి రోజుల్లో ఒక గండం ఉంటుంది. ఆ గండమేదో మీ డేటా లేనప్పుడే గడవనివ్వండి. వాపసు గడువు కూడా అప్పటికి ఉంటుంది.

"ఎంతసేపు పడుతుంది సార్?" అని ఇప్పుడు అడుగుతారు. 1 టీబీ హార్డ్ డిస్క్ సెకనుకు 100 ఎంబీ వేగంతో రాస్తే పది వేల సెకన్లు, అంటే మూడు గంటలకు కొంచెం తక్కువ. చదవడానికి మళ్ళీ అంత. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకు అయిపోతుంది. ఒక్క రాత్రి. కరెంటు పోయే ఊరైతే ల్యాప్‌టాప్‌లోనో, యూపీఎస్ ఉన్న సిస్టమ్‌లోనో పెట్టండి. డెస్క్‌టాప్ అయితే ముందు వైపు పోర్టుకు కాకుండా వెనక వైపు పోర్టుకు పెట్టండి. పాత యూఎస్‌బీ పోర్టు ఇచ్చే కరెంటు 500 మిల్లీయాంపులే, కొన్ని హార్డ్ డిస్క్‌లు తిరగడం మొదలుపెట్టేటప్పుడు అంతకంటే ఎక్కువ లాగుతాయి. డ్రైవ్ పోయిందని తెచ్చినవాటిలో తప్పు కేబుల్‌ది, పోర్టుది అయినవి కూడా ఉంటాయి.

హెల్త్ చూపించే సాఫ్ట్‌వేర్ ఉంది కదా, అందులో 'గుడ్' అని వచ్చింది కదా అంటారు. చూడండి, మంచిదే. 'బ్యాడ్' అంటే వెంటనే నమ్మండి. 'గుడ్' అంటే మాత్రం పూర్తిగా నమ్మకండి. 2007లో గూగుల్‌వాళ్ళు లక్షకు పైగా హార్డ్ డిస్క్‌ల మీద ఒక అధ్యయనం బయటపెట్టారు. పోయిన డ్రైవ్‌లలో సగానికి పైగా, ముఖ్యమైన హెచ్చరిక అంకెలు ఏవీ చూపించకుండానే పోయాయి. ఇక మామూలు పెన్‌డ్రైవ్ అయితే ఆ అంకెలు చూపించనే చూపించదు.

ఎండ విషయం కూడా చెప్పాలి, మనది కడప కాబట్టి. మేలో ఇక్కడ 43, 44 డిగ్రీలు మామూలు. పెన్‌డ్రైవ్, ఎస్‌ఎస్‌డీ, మెమరీ కార్డు, వీటన్నిటిలో ఉండేది ఫ్లాష్ మెమరీ. చిన్న చిన్న గదుల్లో విద్యుదావేశాన్ని బంధించి డేటా దాస్తారు. అది మెల్లమెల్లగా కారిపోతుంది. వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా కారిపోతుంది. "కరెంటు లేకుండా ఏడాది ఉంచితే ఎస్‌ఎస్‌డీలో డేటా పోతుంది" అని వాట్సాప్‌లో తిరుగుతోంది, మీరూ చూసి ఉంటారు. అందులో సగమే నిజం. ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ అనే సంస్థ చెప్పేది ఏమిటంటే, ఇంట్లో వాడే ఎస్‌ఎస్‌డీ తన ఆయుష్షుకు రాయగలిగినంతా రాసేశాక కూడా, 30 డిగ్రీల చోట, కరెంటు లేకుండా ఏడాది డేటా నిలపాలి. కొత్తది అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలుపుతుంది. భయపడొద్దు. కానీ మన బీరువా 30 డిగ్రీల్లో ఉంటుందా? కారు డ్యాష్‌బోర్డు మీద కార్డు పెట్టి ఒంటిమిట్ట పోయి వస్తే అది ఎంత కాగుతుంది? పైగా చవక పెన్‌డ్రైవ్‌లలో ఏ రకం మెమరీ వేశారో ఎవరూ చెప్పరు. ఒకే పేరుతో అమ్మే మోడల్‌లో కూడా లోపలి చిప్ మారుతుంటుంది. కాబట్టి ఏళ్ళ తరబడి దాచడానికి పెన్‌డ్రైవ్ వద్దు. అది ఇవ్వడానికి, తేవడానికి. దాచేది హార్డ్ డిస్క్‌లో దాచండి, ఏడాదికి ఒకసారైనా బయటికి తీసి చదివి చూడండి.

కార్డు ఎప్పుడు ఫార్మాట్ కొట్టాలి

ఇదొక్కటి గుర్తుంటే చాలు, మిగతాదంతా మర్చిపోయినా ఫరవాలేదు. రెండు వేరు వేరు డ్రైవ్‌లలో కాపీ పడి, రెండూ సరిచూసేదాకా కార్డు ఫార్మాట్ కొట్టొద్దు. కాపీ అయింది అంటే సరిచూసినట్టు కాదు. రెండూ వేరు.

మన ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది కదా. ఆయన బంగళా ఉన్న చోటే అది. రెండు వందల ఏళ్ళ కిందట బ్రౌన్ దొర అక్కడ పండితులను జీతాలిచ్చి పెట్టుకుని ఏం చేయించాడు? ఒక కావ్యానికి ఒక్క తాళపత్ర ప్రతి దొరికితే దాన్ని నమ్మి ఊరుకోలేదు. పది ఊళ్ళ నుంచి ప్రతులు తెప్పించాడు, పక్కపక్కన పెట్టి ఒక్కో పద్యం సరిపోల్చి చూడమన్నాడు, తేడాలు గుర్తుపెట్టించాడు, అప్పుడు శుద్ధ ప్రతి రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చులో వచ్చాయంటే ఆ ఓపిక వల్లే. ఇంటర్మీడియట్ కాగానే కెమెరా పట్టుకున్న తమ్ముళ్ళు ఇక్కడ ఉన్నారు, వీలైతే ఒకసారి అక్కడికి వెళ్ళి చూసి రండి. మనకు ఆ పని కంప్యూటర్ చేసి పెడుతుంది. టెరాకాపీ లాంటి ప్రోగ్రామ్‌లో వెరిఫై అని ఒక టిక్కు పెడితే చాలు, రెండు వైపులా ఫైల్ చదివి లెక్క సరిపోయిందా అని చెబుతుంది. అయితే ఒక కిటుకు ఉంది. కాపీ అవగానే చూస్తే కంప్యూటర్ డ్రైవ్‌లోంచి కాకుండా తన ర్యామ్‌లో మిగిలినదాన్ని చదివి సరే అనే అవకాశం ఉంది. ఒకసారి ఎజెక్ట్ కొట్టి, కేబుల్ తీసి, మళ్ళీ పెట్టి అప్పుడు వెరిఫై చేయండి.

ఎజెక్ట్ అంటే గుర్తొచ్చింది. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి, ఎజెక్ట్ కొట్టకుండా తీసినా నష్టం తక్కువగా ఉండే పద్ధతి పెట్టారు. రాస్తుండగా లాగితే మాత్రం ఏ పద్ధతీ కాపాడదు. మ్యాక్‌లో ఎజెక్ట్ తప్పనిసరి. మీరు మ్యాక్‌కూ విండోస్‌కూ పనికొస్తుందని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తారు చూడండి, దానికి మధ్యలో ఆగిన పనిని సరిదిద్దుకునే చిట్టా లేదు. మధ్యలో లాగితే ఒక్కోసారి ఒక ఫైల్ కాదు, మొత్తం పట్టికే పోతుంది.

కెమెరాలో రెండు కార్డు స్లాట్లు ఉన్నవాళ్ళు రెండింట్లోనూ రికార్డు పెట్టండి. కార్డు ధర చూసుకోకండి. కనీసం ముహూర్తం సేపైనా పెట్టండి.

మూడో కాపీ ఇంకో ఊళ్ళోనో, ఇంకో ఇంట్లోనో ఉండాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి ఒడ్డున ఊళ్ళే పోయాయి. ప్రాణాలు పోయిన చోట డ్రైవ్‌ల మాట మాట్లాడటం నాకూ కష్టంగానే ఉంది. కానీ ఇల్లే పోయాక ఆ కుటుంబానికి మిగిలిన ఫోటో మీ స్టూడియోలో ఉండొచ్చు, అందుకని చెబుతున్నా. క్లౌడ్‌లో పెట్టాలంటే 500 జీబీ ఫుటేజ్, సెకనుకు 50 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్నా దాదాపు 22 గంటలు పడుతుంది. అంతా పెట్టలేకపోతే ఏరిన ఫోటోలు, ఎడిట్ అయిన వీడియో పెట్టండి. రా ఫుటేజ్ ఉన్న ఒక డ్రైవ్ అత్తగారింట్లో పెట్టండి.

ఇందాక చివర్లో చెబుతానన్నది. డ్రైవ్ టిక్ టిక్ అంటే, లేదా కింద పడ్డాక డిటెక్ట్ కాకపోతే, ఆపేయండి. ఇంకోసారి పెట్టి చూడొద్దు. పక్క సిస్టమ్‌లో పెట్టొద్దు. లోపల హెడ్, డేటా ఉండే ప్లేటును గీస్తుంటే, తిరిగిన ప్రతి నిమిషం ఇంకొంత డేటా పొడి అవుతుంది. దుమ్ములో మూత విప్పొద్దు. విండోస్ "ఫార్మాట్ చేయమంటారా?" అని అడిగితే ఒప్పుకోవద్దు. ఇప్పటి పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లలో చాలావాటికి యూఎస్‌బీ పోర్టు బోర్డుకే అతికి ఉంటుంది, కొన్నింటిలో డేటా ఆ బోర్డులోనే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. డబ్బా విప్పి వేరే డబ్బాలో పెడితే చదివే రోజులు పోయాయి. తెలిసినవాళ్ళ దగ్గరికి అలాగే తీసుకెళ్ళండి. వారంటీలో ఉంది కదా అని కంపెనీకి పంపేస్తే కొత్త డ్రైవ్ ఇస్తారు, డేటా ఇవ్వరు. వారంటీ డ్రైవ్‌కే.

ఇంకొక్క విషయం, ఇది పెద్దవాళ్ళు, స్టూడియో ఓనర్లు ఆలోచించాలి. ఆల్బమ్ ఇచ్చేశాక డేటా ఎన్నాళ్ళు దాచాలి? ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. మూడేళ్ళ తర్వాత పెళ్ళికూతురి నాన్న వచ్చి "పెన్‌డ్రైవ్ పని చేయడం లేదు బాబూ, మళ్ళీ ఇవ్వు" అంటే అప్పుడు గొడవ. అడ్వాన్స్ తీసుకునే రోజే బిల్లు మీద రాయండి. ఫలానా తేదీ దాకా మా దగ్గర ఉంటుంది, ఆ తర్వాత మీ బాధ్యత అని. ఇచ్చే పెన్‌డ్రైవ్ పరీక్షించినదే ఇవ్వండి, మనం పదుల వేలు తీసుకుని వంద రూపాయలు మిగులుతాయని పేరులేని పెన్‌డ్రైవ్ ఇవ్వడం న్యాయం కాదు. ఇచ్చేటప్పుడు "అయ్యా, దీన్ని ఇంట్లో కంప్యూటర్‌లో ఇంకో కాపీ వేసుకోండి" అని నోటితో చెప్పండి. వాళ్ళకు తెలియదు. పెన్‌డ్రైవ్‌లో ఉంది కదా, శాశ్వతంగా ఉంటుంది అనుకుంటారు.

నా ల్యాప్‌టాప్ ఇక్కడే ఉంది, డ్రైవ్‌ను నింపి పరీక్షించే ప్రోగ్రామ్ అందులో ఉంది. కొత్త పెన్‌డ్రైవ్‌లు ఖాళీవి ఎవరైనా తెచ్చుంటే ఇవ్వండి, భోజనాలు అయ్యేలోపు పరీక్ష పెడదాం. చిన్నవైతే ఫలితం ఇక్కడే తెలుస్తుంది. ఈలోపు ప్రశ్నలు ఉంటే అడగండి.